మణికట్టులో నలిగే నరం

మణికట్టు లోపల అరచేతి వైపు ఒక ఇరుకు దారి ఉంది. దాని అడుగున, పక్కల ఎనిమిది చిన్న ఎముకలు వంపుగా అమరి ఉంటాయి. పైన దళసరి లిగమెంటు అడ్డంగా కప్పి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిలోంచే అరచేతిలోకి వెళ్తాయి. టెండన్ల చుట్టూ ఉండే పొర వాచినా, ఒంట్లో నీరు చేరినా దారి వెడల్పు కాదు. ఎముక జరగదు, లిగమెంటు సాగదు. ఒత్తిడంతా మెత్తగా ఉండే నరం మీద పడుతుంది. ఇదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్.

బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి, చురుక్కుచురుక్కుమంటాయి. చిటికెన వేలికి మరో నరం ఉంది కనుక అది బాగానే ఉంటుంది. నిద్రలో మణికట్టు ముడుచుకుపోవడం వల్ల బాధ రాత్రిపూటే ఎక్కువ. మనిషి ఉలిక్కిపడి లేచి చేయి విదిలించుకుంటే కాస్త నెమ్మదిస్తుంది. మోటార్‌సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నప్పుడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు కూడా వేళ్లు మొద్దుబారతాయి. నెలల తరబడి పట్టించుకోకపోతే పట్టు సడలుతుంది. గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది, గ్లాసు చేతిలోంచి జారుతుంది. చివరికి బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగి అక్కడ గుంట పడుతుంది.

మణికట్టు వంచి, గట్టిగా బిగించి, ఒకే పనిని గంటల తరబడి చేసేవారికి ఈ ముప్పు ఎక్కువ. నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న ఆత్మకూరునే చూడండి. ఆ చుట్టుపక్కల పొలాల్లో పత్తి తీసే, మిరపకాయలు కోసే, కలుపు తీసే కూలీల్లో ఆడవాళ్లే ఎక్కువ. ఇంటికి వచ్చాక పాలు పితకడం, బట్టలు పిండడం కూడా ఆ చేతుల పనే. అదే జిల్లాలోని ఆళ్లగడ్డ శిల్పులు, బేతంచెర్ల బండలకు పాలిష్ పట్టేవారు వాడే యంత్రాలతో ఇంకో చిక్కుంది. గ్రైండర్ అదురు నేరుగా మణికట్టుకు తగులుతుంది. కంప్యూటర్ కీబోర్డు మీద పడిన నింద పెద్దదే కానీ, దానికున్న ఆధారాలు బలంగా లేవు. బలమైన పట్టు, అదురు, ఈ రెండింటి విషయంలో ఆధారాలు గట్టివి.

పని ఒక్కటే కారణం కాదు. మగవారికంటే ఆడవారిలో, అందులోనూ నలభై దాటినవారిలో ఇది ఎక్కువ. మధుమేహం, థైరాయిడ్ మందగించడం, కీళ్లవాతం, ఊబకాయం దీనికి దారి తీస్తాయి. గర్భిణులకు చివరి నెలల్లో వచ్చే తిమ్మిరి చాలావరకు కాన్పు తర్వాత తగ్గిపోతుంది.

మణికట్టు నొప్పులన్నీ కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కావు. బొటనవేలి వైపు మణికట్టు అంచున నొప్పి ఉండి, బిడ్డను ఎత్తుకున్నప్పుడు పోటెత్తితే అది డి క్వెర్వైన్ వ్యాధి కావచ్చు. బాలింతల్లో ఇది తరచూ కనిపిస్తుంది. మెడ నుంచి చేతిలోకి పాకే నొప్పికి మూలం వెన్నుపూసల దగ్గర ఉండవచ్చు. చిటికెన వేలు మొద్దుబారి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వాసుపత్రుల్లో దానికి మందులు ఉచితం, వ్యాధి పూర్తిగా నయమవుతుంది. దాచుకోవలసిన పని లేదు.

వైద్యులు మణికట్టును ఒక నిమిషంపాటు వంచి ఉంచి తిమ్మిరి వస్తుందేమో చూస్తారు. అమెరికా వైద్యుడు జార్జ్ ఫేలన్ పేరు మీద వాడుకలో ఉన్న పరీక్ష ఇది. అనుమానం ఉంటే నరంలో విద్యుత్ సంకేతం ఎంత వేగంగా వెళ్తోందో కొలిచే పరీక్ష చేయిస్తారు. షుగర్, థైరాయిడ్ కూడా చూడాలి.

పల్లెల్లో ఈ తిమ్మిరికి పెట్టే పేరు నరాల బలహీనత, చేసే వైద్యం బలానికి విటమిన్ సూదిమందు. విటమిన్ లోపంతో వచ్చే తిమ్మిరి సాధారణంగా పాదాల్లో మొదలవుతుంది. మణికట్టులో నలుగుతున్న నరానికి బలం మందు పనికిరాదు, ఒత్తిడి తగ్గాలి. తొలి దశలో మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్‌ను రాత్రిళ్లు కొన్ని వారాలు కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. పగలు పని మధ్యలో చేతులకు విరామం ఇవ్వాలి, పనిముట్టు పిడి మరీ సన్నంగా లేకుండా చూసుకోవాలి. ఫలితం లేకపోతే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని నెలలు ఊరటనిస్తుంది. అదీ చాలకపోతే లిగమెంటును కోసి నరానికి చోటిస్తారు. చేతికి మాత్రమే మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషన్ ఇది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు.

బొటనవేలి కండ బాగా కరిగాక ఆపరేషన్ చేసినా పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రాత్రి తిమ్మిరి వారాల తరబడి వదలకుండా ఉంటే, పత్తి తీత అయ్యాక చూద్దామని వాయిదా వేయకుండా నంద్యాలలోనో కర్నూలు సర్వజన ఆసుపత్రిలోనో ఎముకల వైద్యుడికి గానీ నరాల వైద్యుడికి గానీ చూపించుకోవాలి.