పగిలిన పెంకుల పూలకుండీ

ఇల్లు కట్టినా, బాగు చేయించినా చివరికి మిగిలేవి రెండు: అప్పు, పగిలిన టైల్సు ముక్కలు. అప్పు ఎలాగూ తీర్చక తప్పదు. ముక్కలను మాత్రం గోనెసంచిలో పోసి వీధి చివర పారబోస్తాం.

వంటగది బాగు చేయించినప్పుడు మేమూ అదే చేయబోయాము. మా మనవరాలు అడ్డుపడింది. ‘‘నానా! పారేయొద్దు. నా గమ్లాకు అతికిస్తా’’ అంది. ఆ కుప్పలో పని సందడిలో అలమారా నుంచి జారిపడి పగిలిన మా అమ్మీ రకాబీ ముక్కలు కూడా ఉన్నాయి. తెల్లని పింగాణీ మీద నీలి పూలు. అమ్మీ ఇప్పుడు లేరు. ఆ పిల్ల కోరింది ఆ పూలనే.

మేము తొందరపడ్డాము. కాగితాలకు వాడే తెల్ల బంకతో మట్టికుండీకి ముక్కలు అతికించి, మొక్క నాటి, రోజూ నీళ్ళు పోశాము. వారం పాటు ముచ్చటగా ఉంది. తర్వాత ముక్కలు ఒక్కొక్కటే ఊడాయి. నీలి పువ్వున్న పెంకు ఒకటి గచ్చు మీద పడి రెండయింది. మనవరాలు ఏమీ అనలేదు. అన్నీ ఏరి డబ్బాలో దాచుకుంది. ఆ మౌనం మమ్మల్ని ఎక్కువ బాధించింది.

తప్పు ఎక్కడ జరిగింది? కాల్చిన మట్టి నీటిని పీల్చుకుంటుంది. లోపల పోసిన నీరు చెమ్మగా బయటికి వచ్చి బంకను మెత్తబరుస్తుంది. పెంకు మీద పడే నీటికన్నా, దాని వెనుక చేరే తేమే ఎక్కువ చేటు.

హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూసినవారికి ఈ మాట తేలికగా అర్థమవుతుంది. 1590లలో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడంలో రంగురంగుల పలకలను కోసి, ముక్కకు ముక్క చేర్చి అలములు, లతలు తీర్చారు. ఉర్దూలో దీన్ని కాషీకారీ అంటారు. ఆ పని మీద 1611 నాటి తేదీ ఉంది. 1908లో మూసీ వరద లోపలికి వచ్చి కింది భాగంలోని పలకలను పాడుచేసింది. తర్వాత అక్కడ రంగులతో పలకల మాదిరి చిత్రించారు. పైభాగంలోని పాత పని నేటికీ కన్నులపండువగా ఉంది.

చేసే విధానం

రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాము. అడుగున రంధ్రం ఉన్న కొత్త కుండీని కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాము. లోపలి గోడకు నీరు పీల్చనివ్వని పెయింటు రెండు పూతలు వేశాము. టైళ్ళను మందపాటి గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టాము. ఈ పని పెద్దలే చేయాలి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. కుండీ గుండ్రం కనుక బొటనవేలి గోరంత ముక్కలే బాగా కూర్చుంటాయి. పెద్దవాటి అంచులు పైకి లేస్తాయి.

ముందు కాగితం మీద ముక్కలు పేర్చి చూసుకోవాలి. తర్వాత మేస్త్రీ మిగిల్చిన టైల్సు సిమెంటుతో కింది నుంచి పైకి అతికించాలి. మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదలాలి. అడుగు రంధ్రం మూయకూడదు. ఒక రోజంతా కదపకూడదు.

మరునాడు తెల్ల సిమెంటును ఇడ్లీ పిండికన్నా గట్టిగా కలిపి సందుల్లో నింపాలి. సిమెంటు చర్మాన్ని తినేస్తుంది, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. కాస్త గట్టిపడగానే బాగా పిండిన తడిగుడ్డతో పెంకుల మీది పూతను తుడవాలి. కడిగిన నీటిని తూములో పోయవద్దు, గడ్డకట్టి మూసుకుపోతుంది. రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చాకే మట్టి పోయాలి.

సబర్ లేనిచోట హునర్ నిలవదని తరగతిలో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాము. ఈసారి ఆ పాఠం మేమే నేర్చుకున్నాము.

కుండీ ఒక వర్షాకాలం దాటింది. ఒక్క పెంకూ ఊడలేదు. అందులో పుదీనా ఏపుగా పెరిగింది. రెండుగా విరిగిన నీలి పువ్వును మనవరాలు ఎదురుగా కనిపించేచోట అతికించింది. విరిగిన గీతలో ఇప్పుడు తెల్ల సిమెంటు ఉంది. ఆమెకు ముత్తవ్వ ముఖం గుర్తులేదు. పుదీనా తుంచడానికి వెళ్ళిన ప్రతిసారీ మాత్రం ఆ పువ్వు మీద వేలు పెట్టి, ‘‘ఇది అమ్మీ రకాబీ’’ అంటుంది.