కడుపులో దాచుకొన్న భయము

విశాఖపట్టణమునుండి పలాసకు పోవు పాసింజరు బండి శ్రీకాకుళం రోడ్డు దాటి, తిలారు దాటి, కోటబొమ్మాళికి చేరబోవునంతలో హరిశ్చంద్రపురమను చిన్న స్టేషనులో క్షణకాల మాగును. ఆ పేరు చెవిని పడినంతనే, సత్యమునకై రాజ్యమును, ఆలిని, బిడ్డను పోగొట్టుకొన్న రాజు మనకు స్ఫురించును గాని, దర్భలు తెచ్చుటకు అడవికి పోయిన లోహితాస్యుడు ప్రొద్దు గ్రుంకినను రాకపోగా, పరుల యింటి దాస్యము ముగియు వరకు గడప దాటుటకు సెలవు లేక, చేయి పనిమీదను చూపు వీధిమీదను నిలిపి నిలుచున్న చంద్రమతి స్ఫురింపదు. మన పల్లెలలో తెల్లవార్లు జరుగు హరిశ్చంద్ర నాటకమున కాటిసీను పద్యములకు చప్పట్లు మ్రోగును; రాజు రాగము తీసినకొలది ‘వన్స్‌మోర్’ అని కేకలు లేచును. నాటకకర్తలు చంద్రమతికి దుఃఖము నిచ్చిరి. భయమును మాత్ర మీయలేదు. బిడ్డ పాముకాటున పడినాడని తెలిసిన పిమ్మటి యేడుపు రంగస్థలమునకు పనికివచ్చినది. తెలియుటకు ముందటి ఆ సాయంకాలపు గడియలు, ఏమీ జరుగనట్లే జరిగిపోయిన ఆ గడియలు, ఎవ్వరికిని పనికిరాలేదు.

ఈ కథన మా గడియలను గూర్చినది. వ్యావహారిక భాషకై జీవితమును ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట, శ్రీముఖలింగమునకు చేరువలో, ఈ శ్రీకాకుళం జిల్లాయందే యుండగా ఇట్టి పాతకాలపు వాక్యములు వ్రాయుటకు కొంత జంకు కలుగకపోలేదు. తల్లుల మాటలను మాత్రము వారి నోట పలికినట్లే యుంచెదను.

శ్రావణ బహుళ అమావాస్యనాడు, పోలాల అమావాస్య యని పిలుచుకొను ఆ దినమున, బిడ్డలుగల స్త్రీలు కంద మొక్కను పూజించి, పసుపుకొమ్ము కట్టిన తోరములు ధరించి, గారెలు బూరెలు నివేదించి, ఒక కథను చెప్పుకొందురు. ఒక యింటి కోడలికి ఏటేటా కలిగిన బిడ్డ ఆ అమావాస్యనాడే మరణించుచుండును. ఆ మైలవలన తోడికోడండ్ర నోము ఆగిపోవుచుండును. వారు విసిగి నిందింపగా, ఒక యేడు ఆమె చనిపోయిన బిడ్డను ఎవ్వరికిని చెప్పక గదిలో దాచి, నవ్వుముఖముతో పూజలో కూర్చుండి, అందరును నిద్రించిన వెనుక శవమును భుజమున వేసికొని ఊరి వెలుపలికి నడచును. అక్కడ అమ్మవారు కరుణించి బిడ్డల నందరను బ్రతికించును. కథ విన్నవారు అమ్మవారి మహిమకు అక్షతలు చల్లుకొందురు. నాకు మాత్ర మీ కథలో మహిమకంటె భయంకరముగా తోచినది ఆ మధ్యాహ్నము: ఇతరుల పండుగకు తన కడుపుకోత అడ్డు రారాదని తలుపు చేరవేసి, పీటమీదికి వచ్చి కూర్చుండిన ఆ తల్లి మధ్యాహ్నము. చంద్రమతికి యజమాని, ఈమెకు తోడికోడండ్రు. దాచుకొన వలసినది మాత్ర మొక్కటియే.

తల్లి భయపడకూడదని మనవారెవ్వరును అనలేదు. భయపడినట్లు కనబడకూడదని మాత్రమే అనిరి.

కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతరకు ఏటా చుట్టుప్రక్కల మండలములనుండి వచ్చు స్త్రీజనమును చూచినవారికి, ఈ గ్రామదేవతలయెదుట తల్లులు విప్పుకొన్నన్ని మూటలు మరెక్కడను విప్పుకొనరని తెలియును. మ్రొక్కు అనునది ఒక విధముగా భయమును నోరార పలుకుటకు సంఘము స్త్రీకిచ్చిన అనుమతి. ఇంట చెప్పిన ‘పిచ్చిదానా, ఊరుకో’ అందురు. అమ్మవారి యెదుట చెప్పిన భక్తి యందురు. పూర్వ మీ తల్లుల మూటలో పెద్ద భయము మశూచికము. దానిని ‘అమ్మవారు పోసినది’ అని, పేరెత్తుటకైనను జంకి, వేపమండలు గుమ్మమునకు కట్టి, బిడ్డ ఒంటిమీది పొక్కులను లెక్కించుచు రాత్రులు గడిపిన అవ్వలు ఇప్పటికిని కొందరు జీవించియున్నారు. ఆ భయము నేటి తల్లికి లేదు. 1975 మే నెల తరువాత భారతదేశమున ఆ వ్యాధి కానరాలేదు. 1980లో ప్రపంచమే దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. గమనింపదగిన దేమనగా, ఆ భయమును తల్లులు ధైర్యముచేత జయింపలేదు. ఊరూరును, ఇల్లిల్లును తిరిగిన టీకాలవారు, వారిని పంపిన ప్రభుత్వములు ఆ భయకారణమునే పెరికివేసిరి. తల్లికి ధైర్యము బోధించు ఉపన్యాసములు వినునప్పుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును. ఏ భయమును తల్లి యెదుర్కొనవలెను, ఏ భయమును ఆమెకు రానీయకుండుట ఇతరుల విధి యను భేదమును ఆ ఉపన్యాసకులు పాటింపరు.

ఇప్పటి భయములు వేరు. ఈ సీమ వలసల సీమ. సముద్రపుటొడ్డున పుట్టిన కుర్రవాడు పొట్టచేత పట్టుకొని గుజరాతులోని వీరావలు రేవునకు పోవును. మెట్టప్రాంతపు కుర్రవాడు చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో సెంట్రింగు పనికి, తాపీపనికి పోవును. 2014 జూన్ 28వ తేదీన చెన్నై నగరపు శివారున మౌలివాక్కములో, కట్టుచున్న 11 అంతస్తుల భవనము కూలి 61 మంది మరణింపగా, ఆ శిథిలములక్రింద శ్రీకాకుళ విజయనగర జిల్లాల వారెందరో యుండిరి. భార్యాభర్త లిరువురును కూలికిపోయి అక్కడనే నలిగిన కుటుంబములును గలవు. ఆ దినములలో టీవీ తెరపై శిథిలముల దృశ్యములు చూచుచు, తమవారు పనిచేయునది ఆ కట్టడమో, దాని ప్రక్కదో తెలియక కూర్చుండిన తల్లులను ఊహించుకొనుడు. కొడుకు చెన్నైలో నున్నాడని తెలియును గాని, ఏ పేటలో, ఏ మేస్త్రి క్రింద నున్నాడో తెలియదు. అడ్రసు లేని భయమునకు ఒడ్డు దొరకదు.

సముద్రము సంగతి మరొక తీరు. 2018 నవంబరులో వీరావలు పడవలలో వేటకు పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సరిహద్దు జలములయందు పాకిస్తాను నావికాభద్రతా దళమునకు చిక్కి కరాచీ చెరలో పడిరి. ఎచ్చెర్ల మండలములోని డి.మత్స్యలేశము మొదలగు పల్లెలయందు ఆ యేడాది పండుగలు పండుగలుగా జరుగలేదు. ఇల్లు దాటి మాట్లాడు నలవాటులేని స్త్రీలు అధికారుల గదులకును నాయకుల దారులకును పోయి, మావారిని తెచ్చియిండని యడిగిరి. 2020 జనవరి 6వ తేదీన 20 మంది వాఘా ద్వారము దాటి స్వదేశమున అడుగిడిరి. పిదప ఆ యుదంతము ‘తండేల్’ అను సినిమాయై 2025లో వెలువడినది, సహజముగనే ప్రేమకథయైనది. చిత్రములను నిందింపను, పదమూడు మాసములకు పైగా కదలక కూర్చుండిన తల్లి కథకు పాటలు పెట్టుట యెవరితరము? కాని నాకు ప్రియమైన అంశము ఆ స్త్రీలు అర్జీలు పట్టుకొని బయలుదేరుట. నోములోని కోడలివలె వారు తలుపు చేరవేసికొనలేదు. భయము కాగితముపైకి ఎక్కి, సంతకముతో, జిల్లా కార్యాలయపు ముద్రతో ఢిల్లీవరకు పోయినది.

కోటబొమ్మాళికి ఉత్తరమున, పలాస దాటిన పిమ్మట ఉద్దానము వచ్చును. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ప్రాంతముల కొబ్బరితోటల నీడలో మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగా మనుష్యులను తినివేయుచున్నది. నీటివలననా, వేడిమిలో చేయు కాయకష్టమువలననా, మరి దేనివలననా యని పరిశోధకులు వాదించుచునే యున్నారు. మధ్య అమెరికాలోని చెరకుతోటల కూలీలయందును, శ్రీలంక వరిపొలముల రైతులయందును ఇట్టి వ్యాధియే కనబడినది. తల్లి భయమునకు ఇంతకంటె కఠినమైన శిక్ష లేదు: శత్రువెవ్వడో తెలియదు. పాము కాదు, అలలు కావు. బిడ్డ త్రాగు చెంబులోని నీరే కావచ్చును, కాకపోవచ్చును. అక్షరములు రాని అమ్మల నోట ‘కిరాటిని ఎంతుందేటి?’ అను ప్రశ్న వినబడుట యిచ్చట వింత కాదు. మూత్రపిండముల పరీక్షలో చూచు క్రియాటినిన్ అను రసాయనపు పేరు వారి సంసారములో బియ్యము ధరవలె నానుడియైనది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును, వంశధారనుండి శుద్ధజలము తెచ్చు పథకమును ప్రారంభమైనవి. డయాలిసిస్ కొరకు విశాఖకు పోయి వచ్చు ప్రయాస కొంత తగ్గినది. నీరు గొట్టములలో నిత్యము వచ్చినగాని టీకావలె పనిచేయదు. ఆ లెక్క తల్లులు బిందెతో సరిచూచుకొందురు.

గాలివాన సంగతి క్లుప్తముగా చెప్పెదను, ఏలయన ఈ జిల్లావారికది క్రొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో పలాస దగ్గర తీరము దాటినది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యెను, స్తంభములు విరిగి ఊళ్లు చీకటిలో పడెను, ఫోనులు మూగవోయెను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వేలమందిని మ్రింగిన నాటికిని నేటికిని వచ్చిన భేదము ముందస్తు హెచ్చరికలే. మరల అదే సంగతి, ధైర్యము కాదు, ఏర్పాటు. కాని ఆ దినము మరియొక వింత జరిగినది. ఊరిలోని అమ్మ ఫోను పలుకకపోగా, దూరదేశముల నున్న కొడుకులు, కూతుళ్లు రాత్రింబగళ్లు ఆ నంబరునే నొక్కుచు కూర్చుండిరి. సాయంకాలపు గడియలు ఎట్లుండునో బిడ్డలకు అమ్మ అప్పగించిన దినమది.

సాధారణ దినములలో ఫోను మాట వేరు తీరున నుండును. ‘బువ్వ తిన్నావేటి? పనికెల్లినావేటి? బండి దిగినావేటి?’ అని తల్లి మూడు ప్రశ్నలు వరుసగా నడుగును. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లె, అలమండ స్టేషనుల నడుమ రాయగడ బండి వెనుకనుండి పలాస పాసింజరును ఢీకొని 14 మంది మరణించిన తరువాత, మూడవ ప్రశ్నను ‘చాదస్తము’ అని కొట్టివేయుటకు ఈ లైనువారికి నోరు రాదు. కొడుకు తిరిగి ‘నీకెలాగుంది?’ అని యడుగును. ‘నాకేటి, నాను బాగానే ఉన్నాను’ అని అమ్మ పెట్టివేయును. నేనెన్నియో యిండ్ల వరండాలలో ఈ సంభాషణ విన్నాను. ఫోను పెట్టివేసిన వెంటనే మోకాలు పట్టుకొని నిట్టూర్చుటయు చూచితిని.

ఆ ‘నాకేటి’ క్రింద నేమున్నదో విచారించువా రరుదు. రొమ్ములో చిన్న గడ్డ తగిలినది, ఆరు నెలలు చెప్పదు. చెప్పిన కోత ఖర్చు కూతురి పెండ్లి డబ్బులోనుండి పోవునని. నెలనెలా రక్తము పోవుచున్నది, ఓర్చుకొనును. బాలింతకు నిదుర పట్టదు, బిడ్డ నెత్తుకొన వణకు పుట్టును, తాను మంచి తల్లిని కానను తలపు పగలు రాత్రి వేధించును. అది గాలి సోకినదని తాయెత్తు కట్టుదురు. బ్రిటను దేశపు శిశువైద్యుడును మానసిక విశ్లేషకుడునగు డొనాల్డ్ విన్నికాట్, 1956లో వ్రాసిన వ్యాసమున, ప్రసవమునకు ముందును తరువాతను కొన్ని వారములు తల్లి కుండు అతిజాగరూకత, బిడ్డ లేనియెడల వ్యాధి యనదగినంత తీవ్రమైనదని, అయినను ఆ స్థితి శిశువునకు అవసరమని చెప్పెను. అనగా భయమును పూర్తిగా లేనిదానినిగా చేయుట తల్లికి ఆరోగ్యము కాదు. కాని వారములు మాసములై, జాగరూకత నిరాశయై, నిరాశ తననో బిడ్డనో హింసించు తలపు వరకు పోయినచో అది చికిత్స గోరు జబ్బు. ఎక్కడ మొదటిది ముగిసి రెండవది మొదలగునో కనిపెట్టుటకు 1987లో ఎడిన్‌బరోలో కూర్చిన పది ప్రశ్నల పట్టిక యొకటి కలదు. నవ్వగలుగుచున్నావా, నీ తప్పులేకయే నిన్ను నిందించుకొనుచున్నావా, నిదుర పట్టుచున్నదా యని అడుగు సులభమైన ప్రశ్నలవి. అడుగుటకు డాక్టరే కానక్కరలేదు.

2022 అక్టోబరునుండి టెలి మానస్ అను ఉచిత సహాయవాణి 14416 సంఖ్యలో దేశమంతట పనిచేయుచున్నది, తెలుగులో మాట్లాడవచ్చును. ఇది మంచి యేర్పాటే. కాని ఈ పల్లెలలో చాల యిండ్లలో ఫోను కొడుకు జేబులోనో, మగని చొక్కాలోనో యుండును. తల్లి తన మనస్సును గూర్చి పలుకుటకు పెరటిలో నొక మూలయైనను దొరకవలెను గదా. కావున ప్రశ్నయే ఆమె యింటికి నడచి రావలెను. బిడ్డకు సూది వేయించు దినమున అంగన్‌వాడీకి తల్లులందరును ఎట్లును వత్తురు. అక్కడ ఆశా కార్యకర్త యుండును, బరువు తూచు యంత్ర ముండును, నర్సమ్మ యుండును. బిడ్డ బరువు వ్రాసికొన్న పిమ్మట ఆ పది ప్రశ్నలను తల్లి నడుగుటకు పది నిమిషములు చాలును. మొదటి మారు ఆమె ‘నాకేటి’ అనును. రెండవ మారును అడుగవలెను, అత్తగారు ప్రక్కన లేనప్పుడు.