కెనడాలో దంతవైద్య విద్య: రెండో డిగ్రీ ఎవరికి పనికొస్తుంది?



ఈ వార్షికోత్సవ సంచికకు పై చదువుల గురించి ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు, పోయిన వేసవిలో జరిగిన ఒక సంగతి మాకు వెంటనే గుర్తొచ్చింది. మేము ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లమే. ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతబట్టుకున్న మొదటివాళ్లం మేమే. మనలాంటి వాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఏ చదువు మంచిది, దాని ఖర్చెంత, దారి ఎటు అని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. అందుకే బయట ఎవరు ధైర్యంగా చెబితే వాళ్ల మాటే నమ్మేస్తాం.

మన హాస్టల్ సీనియర్ అన్న ఒకరున్నారు. పేరు రాయడం లేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. డిగ్రీలో ఇంగ్లీషు మీడియం అయ్యేసరికి మొదటి సంవత్సరం రెండు సబ్జెక్టులు తప్పాడు. చివరికి బీఎస్సీ 56 శాతంతో గట్టెక్కాడు. డెంటిస్టు కావాలని చిన్నప్పటి నుంచి కోరిక. నీట్‌లో సీటు రాలేదు. పట్నంలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అన్నకు ఇలా చెప్పారు: "కెనడా వెళ్లి రెండో డిగ్రీ చెయ్యి. నీ పాత మార్కులు అక్కడెవరూ చూడరు. ఆ డిగ్రీతో డెంటల్ కాలేజీలో సీటు ఖాయం." ఆ మాట మీద వాళ్ల నాన్నగారు ఎకరం పొలం బేరానికి పెట్టారు. బయానా తీసుకునే ముందు రోజు అన్న కాగితాలు పట్టుకుని మా రూముకొచ్చాడు.

వారం రోజులు సాయంత్రం పూట లైబ్రరీలో కూర్చుని ఆ కాలేజీల నిబంధనలు చదివాం. తెలుసుకున్నవి మీకోసం వరసగా రాస్తున్నాం.

అక్కడి పద్ధతి

మన దగ్గర ఇంటర్ బైపీసీ కాగానే నీట్ రాసి బీడీఎస్‌లో చేరతారు. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. కెనడాలో అలా కాదు. ముందు యూనివర్సిటీలో కొన్నేళ్లు చదవాలి. కొన్ని కాలేజీలు మూడేళ్లు చాలంటాయి, కొన్ని పూర్తి డిగ్రీ అడుగుతాయి. ఆ తర్వాతే దంతవైద్యం, సాధారణంగా నాలుగేళ్లు. క్యుబెక్ రాష్ట్రంలో మాత్రం సీజెప్ అనే చదువు నుంచి నేరుగా వెళ్లే దారి కూడా ఉంది. అది మన ఇంటర్ లాంటిది.

దేశం మొత్తం మీద దంతవైద్య కాలేజీలు పది. యూబీసీ, అల్బెర్టా, సస్కచెవాన్, మానిటోబా, వెస్టర్న్, టొరంటో, మెక్‌గిల్, మాంట్రియల్, లవాల్, డల్హౌసీ యూనివర్సిటీల్లో ఇవి ఉన్నాయి. మాంట్రియల్, లవాల్‌లలో బోధన ఫ్రెంచిలో. కొన్ని చోట్ల పట్టాను డీడీఎస్ అంటారు, కొన్ని చోట్ల డీఎండీ అంటారు. రెండింటి విలువా ఒకటే. చిన్న కాలేజీల్లో ఏడాదికి ముప్పై నలభై సీట్లే ఉంటాయి.

చాలా కాలేజీలు కెనడా డెంటల్ అసోసియేషన్ నడిపే డాట్ అనే పరీక్ష అడుగుతాయి. అందులో జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, చదివి అర్థం చేసుకునే భాగం ఉంటాయి. వీటితోపాటు బొమ్మలనూ కోణాలనూ కంటితో చూసి పోల్చే భాగం ఒకటి ఉంటుంది. ఒకప్పుడు ఈ పరీక్షలో సబ్బు కడ్డీని ఇచ్చిన కొలతలకు కత్తితో చెక్కమనేవారు, చేతివాటం చూడటానికి. ఇప్పుడది తీసేశారు. పరీక్ష తర్వాత ఇంటర్వ్యూ. ఇవన్నీ ఉన్నా, మొదటి వడపోత డిగ్రీ మార్కులతోనే జరుగుతుంది.

రెండో డిగ్రీ మాట ఎలా వచ్చింది?

అక్కడ మార్కులను నాలుగు పాయింట్ల లెక్కలో చూస్తారు. దాన్ని జీపీఏ అంటారు. టొరంటో లాంటి చోట సీటు వచ్చినవాళ్ల సగటు 3.9 దరిదాపుల్లో ఉంటుంది. మొదటి డిగ్రీలో 3.2 వచ్చిన విద్యార్థికి దారి మూసుకుపోయినట్టే. అలాంటివాళ్లు కొందరు మళ్లీ ఇంకో డిగ్రీలో చేరి, బాగా చదివి, కొత్త మార్కులతో దరఖాస్తు చేస్తారు. మరికొందరు మొదట కామర్సో, ఇంజనీరింగో చదివి ఉంటారు. డెంటల్‌కు కావలసిన బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ సబ్జెక్టులు వాళ్లు చదవలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి రెండో డిగ్రీ చేస్తారు. టొరంటో చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లల్లోనూ ఈ మాట వినిపిస్తుంది. వాళ్లకు అది నిజంగానే ఒక దారి. కాబట్టి కన్సల్టెన్సీ వాళ్లు లేని మాట పుట్టించలేదు. ఒకరికి సరిపోయే మాట తెచ్చి ఇంకొకరికి అంటగట్టారు.

పాత మార్కులు చెరిగిపోతాయా?

అన్ని చోట్లా చెరిగిపోవు. కాలేజీ కాలేజీకీ లెక్క వేరు. కొన్ని కాలేజీలు డిగ్రీ స్థాయిలో చదివిన అన్ని సంవత్సరాలనూ కలిపి సగటు తీస్తాయి. అక్కడ పాత 56 శాతం వెంటే వస్తుంది. రెండో డిగ్రీ దాన్ని కొంత పైకి లాగుతుందే తప్ప చెరిపేయదు. కొన్ని మంచి రెండేళ్లను మాత్రమే చూస్తాయి. వెస్టర్న్ యూనివర్సిటీ చాలాకాలం ఈ పద్ధతిలోనే నడిచింది. మరికొన్ని చివరి సంవత్సరాలకు ఎక్కువ విలువ ఇస్తాయి. రెండో డిగ్రీ వల్ల అసలు లాభం ఈ రెండు రకాల చోట్లే.

ఇక్కడ ఇంకో మూడు మెలికలున్నాయి. ఒకటి, ఏడాదికి పూర్తిస్థాయి సబ్జెక్టులు తీసుకుని చదివిన సంవత్సరాలనే లెక్కలోకి తీసుకునే కాలేజీలున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ సగం సబ్జెక్టులు చదివితే ఆ ఏడాది లెక్కకు రాదు. రెండు, పీజీ మార్కులు చాలా చోట్ల ఈ సగటులో కలవవు. మా ఎమ్మెస్సీ మార్కులు ఎంత బాగున్నా మా బీఎస్సీ మార్కులను కాపాడలేవన్న మాట. మూడు, కొన్ని కాలేజీలు ఉత్తర అమెరికా యూనివర్సిటీలో కొన్నేళ్లు చదివి ఉండాలంటాయి.

అన్నిటికంటే ముందున్న గడప

మార్కుల సంగతి చదువుతూ చదువుతూ, అసలు సంగతి మేము నాలుగో రోజున గానీ గమనించలేదు. యూబీసీ, మానిటోబా వంటి కాలేజీలు కెనడా పౌరులకూ, శాశ్వత నివాసం అంటే పీఆర్ ఉన్నవాళ్లకూ మాత్రమే సీట్లిస్తాయి. చాలా కాలేజీలు తమ రాష్ట్రం పిల్లలకు ఎక్కువ సీట్లు ఉంచుకుంటాయి. విదేశీ విద్యార్థులను తీసుకునే చోట సీట్లు కొద్ది, ఫీజు మోయలేనిది. టొరంటోలో విదేశీ విద్యార్థి ఫీజు ఏడాదికి లక్ష కెనడా డాలర్ల లెక్కలో ఉంటుంది. మన డబ్బులో అరవై లక్షల చిల్లర. అదీ ఒక్క ఏడాదికి.

నమ్మకం కుదరక అన్న చేతే ఒక కాలేజీకి మెయిల్ రాయించాం. మూడో రోజు జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. పీఆర్ లేనివాళ్ల దరఖాస్తు పరిశీలించలేమని, వచ్చాక సంతోషంగా చూస్తామని. అన్న ఆ మెయిల్ రెండుసార్లు చదివి, ఫోను జేబులో పెట్టుకుని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అప్పుడు లెక్క వేసి చూశాం. రెండో డిగ్రీకి మూడు నాలుగేళ్లు. తర్వాత ఉద్యోగం చూసుకుని పీఆర్ తెచ్చుకోవడానికి ఇంకొన్నేళ్లు. ఆ తర్వాత సీటు వస్తే నాలుగేళ్లు. సీటు వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పొలం మాత్రం మొదటి రోజే పోతుంది.

వీసా, స్కాలర్‌షిప్

వీసా కూడా మునుపటిలా లేదు. విద్యార్థి ఖర్చులకు చూపించవలసిన సొమ్మును, ఫీజు కాకుండా, కెనడా ప్రభుత్వం 2024 జనవరి 1 నుంచి 10,000 డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి 22,895 చేసింది. 2024లోనే స్టడీ పర్మిట్ల సంఖ్యకు పరిమితి పెట్టింది. ఒక డిగ్రీ ఉన్నవాళ్లు మళ్లీ డిగ్రీకే వెళ్తామంటే వీసా అధికారికి కారణం ఒప్పించేలా చెప్పుకోవాలి.

మన పిల్లలకు ఇంకో సంగతి ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీకి, పీహెచ్‌డీకి మాత్రమే. విదేశంలో బ్యాచిలర్స్ డిగ్రీకి రాదు. తెలంగాణ ప్రభుత్వ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కూడా పీజీ, పీహెచ్‌డీ చదువులకే. అంటే రెండో డిగ్రీ ఖర్చంతా ఇంటి మీదే పడుతుంది. వెళ్లాక స్కాలర్‌షిప్ వస్తుందిలే అని ఎవరైనా అంటే నమ్మకండి.

బీడీఎస్ చేసినవాళ్ల దారి వేరు

ఈ సంగతి మా రూము దాటి వెళ్లాక, గర్ల్స్ హాస్టల్లో చదువుకున్న ఒక అక్క ఫోన్ చేసింది. ఆమె ప్రభుత్వ డెంటల్ కాలేజీలో బీడీఎస్ చేసింది. ఆమెకు కూడా రెండో డిగ్రీ చేయమనే చెప్పారట! ఆమెకు ఆ అవసరమే లేదు.

విదేశంలో దంతవైద్యం చదివినవాళ్ల కోసం కెనడాలో నేషనల్ డెంటల్ ఎగ్జామినింగ్ బోర్డు ఉంది. పార్లమెంటు చట్టంతో 1952లో ఏర్పడింది. ముందు పట్టాలు, మార్కుల పత్రాలు పంపి వాళ్లతో సరిచూపించుకోవాలి. తర్వాత ఏఎఫ్‌కే అనే పరీక్ష. మనం బీడీఎస్‌లో చదివిన సబ్జెక్టుల మీదే ప్రశ్నలుంటాయి. ఆ తర్వాత చేతిపని పరీక్ష, ఎన్‌డెక్ అంటారు. బొమ్మ తలలో అమర్చిన పళ్ల మీద చేసి చూపించాలి. అది ఒట్టావాలో జరుగుతుంది. చివరగా లైసెన్సు పరీక్షలు. రాసే అవకాశాలకు పరిమితి ఉంది కాబట్టి బాగా తయారయ్యాకే రాయాలి.

ఇంకో దారి, కొన్ని యూనివర్సిటీల్లో విదేశీ డెంటిస్టుల కోసం నడిపే సుమారు రెండేళ్ల కోర్సు. ఏఎఫ్‌కే మార్కులు చూసి తీసుకుంటారు. పూర్తయితే కెనడా విద్యార్థులతో సమానంగా లైసెన్సు పరీక్షలు రాయొచ్చు. బీడీఎస్ చేసినవాళ్లకు అసలైన రెండో డిగ్రీ ఇదే. కాకపోతే ఫీజు ఎక్కువ, ఇక్కడా పీఆర్ అడిగే కాలేజీలున్నాయి. అక్క ఇప్పుడు ఒక క్లినిక్‌లో పనిచేస్తూ, రాత్రిళ్లు ఏఎఫ్‌కేకు చదువుతోంది.

డబ్బు కట్టే ముందు

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, విదేశీ చదువు వద్దని మేము చెప్పడం లేదు. వెళ్లాలి. మనవాళ్లు అక్కడా కనిపించాలి. కానీ ఒక్క రూపాయి కట్టే ముందు నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి.

1. నాకున్న హోదాతో, అంటే పీఆర్ లేకుండా, ఈ కాలేజీ నా దరఖాస్తు తీసుకుంటుందా?
2. నా పాత మార్కులను ఎలా లెక్కిస్తుంది?
3. మొదటి రోజు నుంచి లైసెన్సు చేతికొచ్చే రోజు దాకా ఎన్నేళ్లు, ఎంత డబ్బు?
4. మధ్యలో ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుంది?

జవాబులు కన్సల్టెన్సీ నోటి నుంచి కాదు, కాలేజీ వాళ్ల రాతలోనే తీసుకోండి. మెయిల్ రాయడానికి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. మేము రాసిన మెయిల్లోనూ తప్పులున్నాయి. అయినా జవాబిచ్చారు. నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి మీరు దరఖాస్తు చేసే ఏడాదివే చూడండి.

అన్న ఏమయ్యాడని అడుగుతారేమో. పొలం అమ్మలేదు. కొన్నాళ్లు మా మీద కూడా కోపంగా ఉన్నాడు. అందులో తప్పేమీ లేదు. పదేళ్లుగా పెంచుకున్న కోరికను మేము ఒక వారంలో కాగితం మీద కొట్టేశాం కదా. ఇప్పుడు ఎమ్మెస్సీ పబ్లిక్ హెల్త్ ప్రవేశాలకు చదువుతున్నాడు. పీజీ చదువులకు ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఉంటాయని తనే వెతికి పట్టుకున్నాడు. ఈసారి నాలుగు ప్రశ్నలూ తనే రాసుకుని, తనే మెయిల్ పెట్టాడు. మాకు చూపించి "తప్పులుంటే దిద్దండిరా" అన్నాడు. ఒక్క తప్పే ఉంది.

ఇలాంటి కాగితాలు పట్టుకుని ఎవరైనా ఆలోచనలో పడితే మా దగ్గరికి రండి. మాకు తెలిసింది చెబుతాం. తెలియనిది కలిసి వెతుకుదాం.

— హాస్టల్ పూర్వ విద్యార్థులం, ఎమ్మెస్సీ ద్వితీయ సంవత్సరం