ఒంటరి విహారానికి అనువైన చోటు ఏది?

పిల్లలు స్థిరపడి బాధ్యతలు కొంత తగ్గిన తరువాత, నాలుగు రోజులు ఒంటరిగా ఎక్కడికైనా వెళ్ళి రావాలన్న కోరిక గృహస్థులకు, అందునా గృహిణులకు, కలగడం సహజం. అది స్వార్థమూ కాదు, వైరాగ్యమూ కాదు. దేహానికి వలెనే మనస్సుకూ అప్పుడప్పుడు లంఘనం అవసరమే. అయితే "ఏ ఊరు చూడదగినది?" అని అడిగేవారే గాని, "ఆ ఊరు ఏ ఋతువులో, ఏ శరీరానికి సరిపడుతుంది?" అని అడిగేవారు అరుదు. అనంతపురం ప్రాంతపు క్షేత్రాలను చాలావరకు ఒంటరిగానే తిరిగి చూసినదానిని గనుక, ఈ రెండవ ప్రశ్నకు నాకు తెలిసినంత మేరకు సమాధానం చెబుతాను.

పడమటి కనుమల చాటున ఉన్న ఈ పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆయుర్వేదం శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులను ఆదానకాలమన్నది. అంటే సూర్యుడు ప్రాణుల బలాన్ని గ్రహించే కాలం. గ్రీష్మంలో ఎండా, వ్యాయామమూ రెండూ వర్జ్యమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. హేమంతంలో దేహబలమూ జఠరాగ్నీ వృద్ధి చెందుతాయి. కనుక ఈ ప్రాంతానికి రాదలచినవారు నవంబరు మధ్య నుండి ఫిబ్రవరి మొదటివరకు రావడం ఉత్తమం. పిల్లల సెలవులు లేని ఒంటరి ప్రయాణికులకు మే నెలలోనే బయలుదేరవలసిన అగత్యమేమున్నది?

మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ఏప్రిల్ నెలలో ఒంటరిగా గుత్తి కోట ఎక్కారు. సగం దారిలో తల తిరిగింది, చెమట ఆగిపోయింది. ఆయనకు మాత్రం తాను బాగానే ఉన్నట్టు తోచిందట! గొర్రెల కాపరులు చూసి నీడకు చేర్చి, తలపై తడిగుడ్డ వేసి, ఆసుపత్రికి పంపారు. వడదెబ్బలో మొట్టమొదట మందగించేది బుద్ధి. తోడున్నవారు ఆ మార్పును గుర్తిస్తారు. ఒంటరివాడికి అది తెలియదు. అందువలన ఒంటరిగా వెళ్ళేవారు ఎంచుకోవలసినది నిర్జన ప్రదేశాన్ని కాదు. నీడ, నీరు, నలుగురు మనుషులు ఉన్న చోటును. కోటల మీద నాకు ద్వేషం లేదు. గుత్తి, పెనుకొండ కొండలకు చలికాలపు ఉదయాన, తోడుతో వెళ్ళండి.

తొలిసారి బయలుదేరేవారికి లేపాక్షిని మించినది నాకు కనబడలేదు. రైలు దిగే హిందూపురానికి అది సుమారు 15 కిలోమీటర్లు. రాత్రి బస హిందూపురంలో చేసి, ఉదయం బస్సులో వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం అది. మంటపాలలో కావలసినంత నీడ. పైకప్పు చిత్రాలను తల ఎత్తి ఎక్కువసేపు చూడకండి. మెడనొప్పి ఉన్నవారికి తల తిరుగుతుంది. కాసేపు చూసి, స్తంభానికి ఆనుకొని కూర్చుని, మళ్ళీ చూడండి. తొందరపెట్టేవారు లేకపోవడమే కదా ఒంటరి ప్రయాణంలోని సుఖం! 27 అడుగుల పొడవైన ఏకశిలా నంది ఆరుబయట ఉన్నది. దానిని ముందే చూసి నీడకు చేరండి.

తాడిపత్రి కూడా రైలు ఆగే ఊరే. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం వద్ద నీటి ఊట ఉన్నది. ఈ కరవుసీమలో ఆ చెమ్మను చూస్తేనే కళ్ళకు చలువ.

కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను సుమారు ఐదెకరాల మేర విస్తరించి, 1989లో గిన్నిస్ గ్రంథానికి ఎక్కింది. నీడకు కొదవ లేదు. అయితే కదిరిలో తిరుగు బస్సు వేళ కనుక్కోకుండా బయలుదేరరాదు.

నీటి విషయం మరువకూడదు. పర్యటనలో ఉన్న మద్రాసు గవర్నరు మన్రో 1827లో పత్తికొండ వద్ద కలరాతోనే మరణించాడు. పైగా ఈ సీమలో చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు అధికం. కాచి చల్లార్చిన నీటిని ఇంటినుండి తెచ్చుకోండి. తరువాత శుద్ధిచేసిన నీరే త్రాగండి. చెమట ఎక్కువగా పోసినప్పుడు లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (చిన్న చెంచాతో, తలకొట్టి) కలిపి కొంచెం కొంచెంగా సేవించాలి. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు బయలుదేరేముందే వైద్యుని అడగాలి. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏదీ పోయరాదు. 108కి ఫోను చేయాలి.

అధిక ప్రయాణం వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. కొత్తచోట నిద్ర పట్టకపోవడానికి అదొక కారణం. గోరువెచ్చని నువ్వులనూనెను పడుకునేముందు అరికాళ్ళకు మర్దించి, గుడ్డతో తుడుచుకోండి. నూనెకాళ్ళతో లాడ్జి గచ్చుపై నడవకండి.