ఎండలో పుట్టినవారికి ఎండ కరువా?

మా ఊరు నెల్లికుదురు. మహబూబాబాదు జిల్లాలో ఉంది. మా ఊళ్లో దేనికి కరువు వచ్చినా ఎండకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు. వైశాఖంలో ఒకసారి మా ఎండ రుచి చూసిన అల్లుడు మళ్లీ వానలు పడేదాకా అత్తవారిల్లు తలచుకోడు. అలాంటి ఊళ్లో నలభై ఏళ్లు వరిమళ్లలో, మిరపచేలలో నడుం వంచి పనిచేసింది మా అమ్మ. ఆమె రక్తం పరీక్ష చేయించి, "డి విటమిన్ బాగా తక్కువగా ఉందండీ" అన్నారు డాక్టరుగారు.

నేను తెల్లబోయాను. అమ్మ నవ్వేసింది.

"ఎండల పుట్టి ఎండల పెరిగినోళ్లం కొడుకా! మాకు ఎండ తక్కువైందంటే ఊళ్లె నవ్వుతరు."

నవ్వుకేం గాని, ఏడాదిగా ఆమె పీట మీద కూర్చుంటే చేయూత లేనిదే లేవలేకపోతోంది. తొడలు లాగుతున్నాయంటుంది. ముసలితనం కాబోలు అనుకున్నాం. ముసలితనం మీద మనం వేయని నేరం ఏముంది గనుక!

డాక్టరుగారు గోలీలు రాశారు. నేను హనుమకొండకు బస్సెక్కుతూ, "గోలీలు మరిచిపోకుండా వేసుకో అమ్మా" అని గట్టిగా చెప్పాను. అయిదోనాడు ఫోను వచ్చింది.

"గోలీలు ఒడిసినయి కొడుకా. ఇంకో పట్టీ తేవాలె."

నా గుండె జారిపోయింది. పట్టీలో నాలుగు గోలీలు. వారానికి ఒకటి చొప్పున నెల రోజులు రావాలి. ఒక్కొక్కటి 60,000 యూనిట్లది. ఎండ తగలనివారికి రోజుకు 600 యూనిట్లు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అంటే ఒక్క గోలీ నూరు రోజుల గ్రాసం! ఇరవై ఏళ్లుగా పిల్లలకు వ్యాకరణం నూరిపోస్తున్న నేను, కన్నతల్లికి "వారానికి" అన్న ఒక్క మాట చెప్పడం మరిచాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి తీసుకువెళితే, రక్తంలో కాల్షియం పరీక్ష చేయించి, "ఫరవాలేదు, నాలుగింటితో ముప్పు రాలేదు. ఇలాగే నెలల తరబడి మింగితే మాత్రం ప్రమాదం" అన్నారు డాక్టరుగారు. ఈ విటమిన్ మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలై చివరకు మూత్రపిండాలు చెడతాయి. ఎండతో ఆ భయం లేదు. కావలసినంత తయారయ్యాక చర్మం అదనపు సరుకును తానే మార్చివేస్తుంది. గోలీకి అంత వివేకం లేదు.

మరి అమ్మకు లోటు ఎందుకు వచ్చింది? ఆలోచిస్తే తెలిసింది. పొలం కౌలుకిచ్చి ఆరేళ్లయింది. పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చింది. వాకిలి కుదించుకుపోయింది. నూతి దగ్గరి పనులన్నీ గోడల మధ్యకు చేరాయి. దానికి తోడు, వయసు మీరినకొద్దీ చర్మానికి ఈ విటమిన్ తయారుచేసే శక్తి తగ్గుతుంది. మన చామనఛాయ చర్మానికి తెల్లచర్మం కన్నా ఎక్కువసేపు ఎండ కావాలి.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ హరినారాయణ్ బృందం ఆరోగ్యంగా ఉన్నవారిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. పట్నవాసులకన్నా పల్లెవాసులు కొంత మెరుగు. అయినా ఇద్దరిలోనూ లోటే! తిండిలో కాల్షియం చాలడం లేదని కూడా వారు గమనించారు.

"పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటున్నా గదా" అంది అమ్మ. మనలో చాలామంది పొరబడేది ఇక్కడే. లేత ఎండ హాయిగా ఉంటుంది గాని, ఈ విటమిన్‌ను పుట్టించే అతినీలలోహిత కిరణాలు అందులో బహుస్వల్పం. ఏటవాలుగా వచ్చే కిరణాలను ఓజోన్ పొర దారిలోనే పీల్చేస్తుంది. అద్దాల కిటికీ దగ్గర కూర్చున్నా అంతే. గాజు వాటిని లోపలికి రానివ్వదు.

గడియారం అక్కరలేని గుర్తు ఒకటుంది. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పటి ఎండే పనికివచ్చే ఎండ. మా ప్రాంతంలో డిసెంబరులో అది సుమారు పదకొండు నుంచి ఒంటిగంట దాటేదాకా ఉంటుంది. మే నెలలో తొమ్మిదింటికే మొదలవుతుంది గనుక వడదెబ్బ వేళదాకా ఆగే పని లేదు. చేతులకు, కాళ్లకు పావుగంట, ఇరవై నిమిషాలు తగిలితే మేలు. తలకు కొంగు కప్పుకోవచ్చు.

గుడ్డు పచ్చసొనలో, చేపల్లో ఈ విటమిన్ కొంత ఉంది. దీన్ని కలిపి అమ్మే పాలూ దొరుకుతున్నాయి. కాల్షియానికి రాగులు, పెరుగు ఉండనే ఉన్నాయి. అయితే లోటు ముదిరితే ఎండా తిండీ చాలవు, గోలీ తప్పదు. అది మాత్రం డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే. ఇంట్లో పెద్దవాళ్లుంటే పట్టీ మీద వారం పేరు తెలుగులో రాసి ఇవ్వండి. ఇప్పుడు నేను చేస్తున్నది అదే.

మొన్న పుష్యమాసంలో ఊరికి వెళ్లాను. ఇంటి ముందు గచ్చు మీద కందులు ఎండబోసి ఉన్నాయి. అమ్మ గోడ పట్టుకోకుండానే పీట మీంచి లేచి, నిలబడి కిందికి చూసుకుంది.

"నీడ పొట్టిగైంది కొడుకా. ఇగ జరసేపు ఈడనే కూసుంట. నువ్వూ రా, నీదీ నీడబతుకే గదా!"

నేనూ పీట తెచ్చుకున్నాను.