స్పానిష్ భాషలో "ఫ్వే": ఒక రూపము, రెండు క్రియలు

ఒకే మాటకు పెక్కు అర్థములుండుట వింత కాదు. మన తెలుగున "పోయినాడు" అన్నచో ఊరికి వెళ్లినవాడు కావచ్చును, లోకమును విడిచినవాడును కావచ్చును. కాని "ఉండుట", "వెళ్లుట" అను రెండు వేర్వేరు క్రియలు భూతకాలమున ఒకే రూపమును దాల్చుట అరుదు. 20 దేశములలో అధికారభాషయై యున్న స్పానిష్‌లో "ఫ్వే" అను చిన్నమాట యట్టిది.

ఆ భాషలో "సెర్" అనగా అగుట, ఉండుట. "ఈర్" అనగా వెళ్లుట. వర్తమానకాలమున వీని రూపములు వేరు. ముగిసిన పనిని దెలుపు భూతకాలమున మాత్రము రెండింటికిని ఒకటే వరుస: నేను అనుటకు "ఫ్వీ", నీవు అనుటకు "ఫ్విస్తే", అతడు, ఆమె, అది అనుటకు "ఫ్వే", వారు అనుటకు "ఫ్వెరోన్". "ఫ్వే మెదికో" అనగా "అతడు వైద్యుడుగా నుండెను." "ఫ్వే ఆ మద్రిద్" అనగా "అతడు మద్రిద్ నగరమునకు వెళ్లెను."

మరి వినువాడు ఏది యేదియని యెట్లు గుర్తించును? ప్రక్కమాటను బట్టి. మనము నామమునకు తరువాత చేర్చు "కు", "లో" అను ప్రత్యయముల పనిని స్పానిష్‌లో నామమునకు ముందు వచ్చు "ఆ", "ఎన్" అను మాటలు చేయును. "ఫ్వే ఆ సెవిల్యా" అన్నచో "సెవిల్యాకు వెళ్లెను", "లా బోదా ఫ్వే ఎన్ సెవిల్యా" అన్నచో "పెండ్లి సెవిల్యాలో జరిగెను." అయినను ఈ గురుతు అన్నివేళల చాలదు. "ఫ్వే ఆ లాస్ త్రెస్" అన్నచో "మూడు గంటలకు వెళ్లెను" అనియు, "మూడు గంటలకు జరిగెను" అనియు రెండు విధముల పొసగును. అప్పుడు అంతకుముందు సాగిన మాటయే శరణ్యము.

దీనికి "సె" చేరి "సె ఫ్వే" అయినచో, గమ్యముకంటె విడిచిన చోటు ముఖ్యమగును. మన "వెళ్లెను", "వెళ్లిపోయెను" అను మాటలకు గల భేదమే యిది. "సె నోస్ ఫ్వే" అని మరణించినవారిని గూర్చియు అందురు. "మమ్ము విడిచిపోయెను" అని దాని భావము.

"ఎరా" అను మరియొక రూపముతో పోల్చినగాని "ఫ్వే" స్వభావము పూర్తిగా తెలియదు. "ఎరా మాయెస్త్రో" అన్నచో "ఉపాధ్యాయుడుగా నుండెడివాడు". ఆ కాలము ఇంకను మన కన్నులముందు సాగుచున్నట్లుండును. "ఫ్వే మాయెస్త్రో త్రెయింతా ఆన్యోస్" అన్నచో "ముప్పది యేండ్లు ఉపాధ్యాయుడుగా నుండెను". అది ముగిసి లెక్కకు వచ్చిన కాలము. ఇంగ్లీషున ఈ రెండింటికిని సాధారణముగా "వాజ్" అను నొక్క మాటయే వచ్చును. కావున స్పానిష్ కథను ఇంగ్లీషు ద్వారా తెనిగించునప్పుడు, మన భాషకు సహజముగానున్న "ఉండెడివాడు", "ఉండెను" అను భేదము నడుమనే జారిపోవచ్చును. కథలోని వ్యక్తి జీవితము సాగుచున్నదో, ముగిసినదో తెలుపు సూచన దానితోబాటే పోవును. మూలభాషను నేర్చుటవలన ఒనగూడు లాభములలో నిది యొకటి.

ఈ రూపము లాటిన్‌నుండి వచ్చినది. అచ్చట "ఫుయిత్" అనగా "ఉండెను" అని మాత్రమే. ఒకచోట నుండివచ్చినవాడు అచ్చటికి వెళ్లినవాడే గదా! ఆ సామీప్యమువలన వెళ్లుటయను అర్థమును దీనికి అబ్బినది. పోర్చుగీసు భాషలోని "ఫోయి" అను మాటకును ఈ రెండర్థములు కలవు. లాటిన్ "ఫుయిత్", సంస్కృతమున "అభూత్" అను రూపము, ఒకే ప్రాచీనధాతువునుండి పుట్టినవి. సంస్కృతమున ఆ ధాతువు "భూ". మనము నిత్యము వ్యాకరణమున వాడు "భూతకాలము" అను మాటయు ఆ ధాతువుదే. స్పానిష్‌వారి "ఫ్వే" మనకు దూరపు చుట్టమే యన్నమాట.

పాత స్పానిష్ గ్రంథములలో ఈ మాటపై చిన్న గీత కనబడును. స్పానిష్ అకాడమీ 1952లో ప్రకటించి, 1959నుండి తప్పనిసరి గావించిన నియమములచే అది తొలగింపబడినది. గీత యున్నను లేకున్నను మాట యొక్కటే. క్రొత్తగా నేర్చువారు దీనికి ఒక అర్థమును వల్లించుటకంటె, దాని వెంట వచ్చు మాటను ఆలకించుట మేలు.