మధ్యాహ్నపు విద్యుత్తు, రాత్రి అవసరం

తెలుగు నేల మీద ఎండకు కరువు లేదు; ఆ ఎండను విద్యుత్తుగా మార్చే ప్యానెళ్లకూ ఇప్పుడు కొరత లేదు. అయితే ఇంటి మిద్దె మీద గానీ, మిల్లు రేకుల మీద గానీ సౌర విద్యుత్ వ్యవస్థను అమర్చుకోదలచిన వారు అన్నింటికన్నా ముందు చూసుకోవలసింది గడియారాన్ని. ప్యానెల్ మిట్టమధ్యాహ్నం తన శక్తినంతా కుమ్మరిస్తుంది. ఉద్యోగాలకూ చదువులకూ వెళ్లినవారు ఇల్లు చేరి ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు, మిక్సీలు వేసేసరికి పొద్దుగూకుతుంది. ఈ రెంటి మధ్యనున్న ఆరేడు గంటల ఎడాన్ని ఎవరు, ఎంత ఖర్చుతో భరించాలన్న ప్రశ్నే నెట్ మీటరు, బ్యాటరీ, రాయితీ, కరెంటు చార్జీల చుట్టూ సాగుతున్న చర్చలన్నింటికీ మూలం.

కాంతి సోకినప్పుడు కొన్ని పదార్థాల్లో విద్యుత్ ప్రవాహం పుడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించినా, ఆ సూత్రం ఆధారంగా పనికొచ్చే సిలికాన్ సెల్ తయారు కావడానికి 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వరకు ఆగవలసి వచ్చింది. ఆనాటి సెల్ తన మీద పడిన కాంతిలో సుమారు 6 శాతాన్ని విద్యుత్తుగా మార్చగా, ఇప్పుడు బజారులో దొరికే ప్యానెళ్లు 20 శాతానికి మించి మారుస్తున్నాయి. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు నీడ పడని వంద చదరపు అడుగుల చోటు కావాలి. మన ప్రాంతంలో అవి రోజుకు సగటున 4 యూనిట్లు, ఏడాదికి 1,400 యూనిట్ల పైచిలుకు ఇస్తాయి. ప్యానెల్ మీద ముద్రించిన సామర్థ్యం మాత్రం సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రయోగశాలలో కొలిచినది; ఆపైన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం వంతున తగ్గుతుంది. కనుక రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు చేరినప్పుడు, ఎండ ఎంత తీవ్రంగా ఉన్నా, ఉత్పత్తిలో 12 నుంచి 16 శాతం వేడికే పోతుంది. ప్యానెళ్లను రేకులకు అంటించినట్టు బిగించక, కింద గాలి ఆడేంత ఎడం ఉంచాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

వేడికన్నా మోసకారి నీడ. ప్యానెల్‌లోని సెల్‌లన్నీ వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి. కాలువ మొత్తం ఎంత వెడల్పున్నా తూము ఇరుకైన చోట ఎంత నీరు పారితే దిగువకు అంతే అందినట్టు, ఒక్క సెల్ మీద నీడ పడినా ఆ వరుసలోని ప్రవాహమంతా ఆ మేరకు కుంగిపోతుంది. అంతటితో ఆగక, వెలుగులో ఉన్న సెల్‌లు పుట్టించే శక్తి నీడలో ఉన్న సెల్‌లో వేడిగా మారి దాన్ని క్రమంగా మాడ్చివేస్తుంది. దీన్ని నివారించడానికి ప్యానెల్ వెనుక పెట్టెలో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు, అంటే నీడపడిన భాగాన్ని తప్పించి ప్రవాహాన్ని పక్కదారి పట్టించే భాగాలు, అమర్చుతారు. అవి పనిచేసినప్పుడు సెల్‌కు ప్రాణగండం తప్పుతుంది కానీ ప్యానెల్‌లో మూడో వంతు ఉత్పత్తి పోతుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, పక్కవారి కొబ్బరిచెట్టు వేసవిలో అమాయకంగా కనిపించినా, సూర్యుడు దక్షిణానికి జరిగే మార్గశిర, పుష్య మాసాల్లో వాటి నీడలు బారలు సాగి ప్యానెళ్ల మీదికి వస్తాయి. మే నెలలో వచ్చి టేపు పెట్టి కొలిచి వెళ్లే వ్యక్తి డిసెంబరు నీడను లెక్కలోకి తీసుకున్నాడో లేదో ఇంటి యజమాని తప్పక అడగాలి.

ప్యానెళ్లను మోసే ఇనుప చట్రం సంగతి దీనికన్నా నిర్లక్ష్యానికి గురవుతోంది. భారతీయ ప్రమాణాలు విశాఖపట్నానికి నిర్దేశించిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంతో వీచే గాలి ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. 28 కిలోల ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్లు ఉంటుంది కనుక దాని మీద పడే బలం దాని బరువుకు పన్నెండు రెట్లు దాటుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన కోస్తా ప్రజలకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. ప్యానెళ్ల కింద బట్టలు ఆరేసుకోవచ్చునని ఎనిమిది, పది అడుగుల ఎత్తున చట్రాలు నిలబెట్టే అలవాటు ఊరూరా పెరుగుతున్నప్పుడు, కాళ్లు స్లాబులోకి ఎలా దిగాయి, ఇనుముకు పూసినది జింకు పూతా లేక వెండిరంగు పెయింటా అన్నవి పాతికేళ్ల మన్నికను నిర్ణయించే విషయాలు. తీగల బిగింపూ అంతే ముఖ్యం: ఆరు ప్యానెళ్లను వరుసగా కలిపిన తీగలో 200 వోల్టులకు మించిన ఏకముఖ విద్యుత్తు పారుతుంది. ఏసీ విద్యుత్తులా అది క్షణక్షణం సున్నాను తాకదు కనుక, వదులుగా నొక్కిన కనెక్టరులో ఒకసారి నిప్పురవ్వ లేస్తే తనంతట తాను ఆరదు.

ఈ ఏకముఖ విద్యుత్తును ఇంటి పరికరాలకు పనికొచ్చే ఏసీగా మార్చేది ఇన్వర్టర్. సబ్సిడీతో అమర్చే వ్యవస్థల్లో అధికభాగం గ్రిడ్‌కు అనుసంధానమైనవి. వాటి ఇన్వర్టర్ గ్రిడ్ నుంచి వచ్చే వోల్టేజీని చూసుకుని పనిచేస్తుంది, కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. బయట లైను మీద మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు ఇంటి మిద్దె నుంచి ప్రవహించే విద్యుత్తు తగలకుండా పెట్టిన ప్రాణరక్షణ నిబంధన ఇది. మిద్దె మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు ఉండి, నడినెత్తిన ఎండ కాస్తుండగా ఇంట్లో ఫ్యాను తిరగకపోవడం చాలామందిని దిగ్భ్రమకు గురిచేస్తోంది. అమ్మేవారు ఈ మాటను ముందే స్పష్టంగా చెప్పకపోవడం తప్పు. కోత సమయంలోనూ కరెంటు కావాలనుకునేవారికి బ్యాటరీ, దాన్ని గ్రిడ్‌తోనూ ప్యానెల్‌తోనూ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ అవసరమవుతాయి.

బ్యాటరీ లేనివారికి గ్రిడ్డే నిల్వ. పగలు మిగిలిన విద్యుత్తును లైనులోకి పంపి, రాత్రి వాడుకున్నదాన్ని అందులోంచి మినహాయించి, తేడాకు మాత్రమే బిల్లు వేసే ఏర్పాటును నెట్ మీటరింగ్ అంటారు. 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్ల రూపాయల వ్యయంతో, కోటి ఇళ్ల లక్ష్యంతో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం 78,000 రూపాయల వరకు రాయితీ ఇస్తోంది; ప్యానెల్, అందులోని సెల్ రెండూ దేశంలో తయారైనవై ఉండాలన్నది షరతు. అయితే ఎవరికి ఎంత మిగులుతుందన్నది కరెంటు చార్జీల స్లాబులను బట్టి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ గృహ వినియోగ చార్జీలు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలతో మొదలై 3.00, 4.50, 6.00 మీదుగా 225 యూనిట్లు దాటాక 8.75కు చేరతాయి. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి ఇంధన చార్జీలే సుమారు 2,550 రూపాయలు కాగా, రెండు కిలోవాట్ల వ్యవస్థ నెలకు ఇచ్చే 240 యూనిట్లు అన్నింటికన్నా ఖరీదైన పై స్లాబులను తినేయడంతో ఆ మొత్తం 630కి దిగుతుంది. నెలకు 120 యూనిట్లు వాడే ఇంటి చార్జీయే 400 లోపు. అదే వ్యవస్థ అక్కడ బిల్లును సున్నా చేసినా పెట్టుబడి తిరిగి రావడానికి అనేక రెట్లు కాలం పడుతుంది. తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లే లేదు కనుక, ఆ కుటుంబాలకు సొంత డబ్బుతో ప్యానెల్ పెట్టుకునే ఆర్థిక కారణమే ఉండదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల వ్యవస్థను ఉచితంగా అమర్చాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయాన్ని ఈ వెలుగులో చూడాలి: చిన్న వినియోగదారుల మిద్దెలకు సౌర విద్యుత్తు చేరాలంటే ఆ ఖర్చును ప్రభుత్వమే పెట్టాలి, మరో దారి లేదు.

గ్రిడ్ నిల్వ అన్న మాట లెక్కల్లోనే నిజం. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పదుల ఇళ్లు మధ్యాహ్నం ఒక్కసారిగా విద్యుత్తును వెనక్కి తోస్తే లైను చివర వోల్టేజీ పెరిగి, పరిమితి దాటినప్పుడు ఇన్వర్టర్లు తమంతట తాము ఆగిపోతాయి; ఆ నష్టం వీధి చివరి ఇంటికే ఎక్కువ. సాయంత్రం ఆరు దాటాక సౌర ఉత్పత్తి సున్నాకు పడిపోయే వేళకే డిమాండ్ ఎగబాకుతుంది కనుక, విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఆ గంటల్లో ఖరీదైన విద్యుత్తును కొని మధ్యాహ్నపు చౌక విద్యుత్తుకు బదులుగా ఇవ్వవలసి వస్తోంది. కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు సౌర ఉత్పత్తి గంటల్లో చార్జీ తక్కువగా, రద్దీ గంటల్లో ఎక్కువగా ఉండాలని నిర్దేశించడం ఈ దిశగా తొలి అడుగు. రాష్ట్రాల నియంత్రణ మండళ్లు దీన్ని ఇళ్లకు పూర్తిగా వర్తింపజేసిన రోజున, యూనిట్‌కు యూనిట్ మార్పిడి మీద వేసుకున్న లెక్కలన్నీ తిరగరాసుకోవాలి. బ్యాటరీకి అప్పుడు అసలైన గిరాకీ వస్తుంది.

ఇళ్లలో దశాబ్దాలుగా ఉన్నది సీసం, ఆమ్లం కలిసిన బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రూపొందించిన ఈ రకాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చెడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. ఇప్పుడు దాని స్థానాన్ని ఆక్రమిస్తున్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్, ఆయన సహచరులు పాధి, నంజుండస్వామి 1997లో ప్రకటించిన ఈ పదార్థం ఇతర లిథియం రకాల కన్నా వేడిని బాగా తట్టుకుంటుంది, 80, 90 శాతం వరకు వాడుకోనిస్తుంది, వేలసార్లు చార్జింగు పడుతుంది. తిరుపతిలో సీసపు బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద లిథియం సెల్‌ల కర్మాగారానికి పూనుకోవడం ఈ మార్పుకు మన చెంతనే కనిపించే నిదర్శనం. ఎంత మేలైనదైనా దీనికి వేడి శత్రువే. మిద్దె మీది రేకుల గదిలో, పడమటి ఎండ కొట్టే గోడకు బిగించిన బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది.

ఐదు యూనిట్ల బ్యాటరీ ధర లక్షా ఇరవై వేలనుకుందాం. రోజూ నింపి, రోజూ వాడితే పదేళ్లలో నష్టాలు పోను అది దాదాపు 15 వేల యూనిట్లు తిరిగి ఇస్తుంది. నిల్వ ఖర్చే యూనిట్‌కు 8 రూపాయలు పడుతుంది. నెట్ మీటరు ఉండి, కోతలు అరుదైన నగరంలో ఇది నష్టం. కోతల కోసమే కొని పదో వంతు వాడుకుంటే ఆ ఖర్చు యూనిట్‌కు 80 రూపాయలు. అయినా ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన రోగి ఉంటే ఆ 80 రూపాయలు ఎక్కువ కాదు.

వ్యాపారాల లెక్క వేరు. లీటరు డీజిల్‌తో జనరేటరు మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. అంటే యూనిట్ 30 రూపాయల చుట్టుపక్కల తేలుతుంది, దాని పక్కన బ్యాటరీ చౌక. సిరిసిల్ల మరమగ్గాల పగటి పనికి ప్యానెల్ చాలా వరకు సరిపోతుంది. గుంటూరు మిర్చి శీతల గిడ్డంగులకు ఎండ ముదిరినప్పుడే కంప్రెసర్ల పని ఎక్కువ. పగలే గదులను ఒకటి రెండు డిగ్రీలు అదనంగా చల్లబరిస్తే ఆ చల్లదనమే నిల్వగా పనిచేస్తుంది. భీమవరం చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం: పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రి ఆ నాచుతో సహా చెరువంతా దాన్ని పీల్చుకోవడంతో తెల్లవారుజామున దాని మోతాదు అట్టడుగుకు చేరుతుంది, ఏరియేటర్లు ఆగకుండా తిరగవలసింది సరిగ్గా అప్పుడే. గంటసేపు కరెంటు పోతే పంట మొత్తం తేలిపోయే ఆ చెరువుగట్టు మీద బ్యాటరీ లేని ప్యానెల్ బిల్లును తగ్గించగలదు కానీ రొయ్యను బతికించలేదు.

నిల్వను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో బీహార్‌లోని జహానాబాద్ జిల్లా ధర్నాయి గ్రామం చెబుతుంది. మూడు దశాబ్దాలు కరెంటు లేకుండా గడిపిన ఆ ఊళ్లో 2014లో 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ వెలసింది. కొన్నేళ్లకే బ్యాటరీలు నీరసించాయి, వాటిని మార్చే డబ్బూ బాధ్యతా ఎవరివో తేలలేదు, ఈలోగా ప్రభుత్వ లైను రావడంతో ఆ కేంద్రం పశువుల కొట్టంగా మారింది. 2022 అక్టోబరులో పూర్తి సౌర గ్రామంగా ప్రకటితమైన గుజరాత్‌లోని మొఢేరాలో ఇళ్ల మీది ఒక్కో కిలోవాట్ వ్యవస్థలకు తోడు 6 మెగావాట్ల కేంద్రాన్ని, 15 మెగావాట్-అవర్ల, అంటే 15 వేల యూనిట్ల, బ్యాటరీని నెలకొల్పారు. ముఖ్యమంత్రుల స్వగ్రామాలైన కొండారెడ్డిపల్లి, నారావారిపల్లెలలో సౌరీకరణకు నమూనాలు రూపొందించిన రెండు తెలుగు ప్రభుత్వాలు ధర్నాయి, మొఢేరాల మధ్య తేడాను శ్రద్ధగా చదవాలి; పదేళ్ల తర్వాత ఇన్వర్టర్లు, బ్యాటరీలు మార్చే ఖర్చు ఏ ఖాతాలోంచి వస్తుందో ఇప్పుడే రాసిపెట్టాలి.

సొంత మిద్దె లేనివారి మాట ఇంకా మిగిలే ఉంది. అపార్ట్‌మెంట్ల లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల వంటి ఉమ్మడి అవసరాలకు సూర్యఘర్ పథకం కిలోవాట్‌కు 18,000 రూపాయల వంతున 500 కిలోవాట్ల వరకు రాయితీ ఇస్తోంది; సంఘం తీర్మానం చేసుకుంటే చాలు. అద్దె ఇంట్లో ఉండేవారికి, రేకుల ఇళ్లవారికి ఆ అవకాశమూ అంతగా అందదు. ఎక్కడో ఒకచోట ఉమ్మడిగా ప్యానెళ్లు పెట్టి, అందులో వాటా ఉన్న ప్రతి కుటుంబం బిల్లులో ఆ మేరకు తగ్గించే వర్చువల్ నెట్ మీటరింగ్ పద్ధతికి ఢిల్లీలో 2019లోనే మార్గదర్శకాలు వచ్చాయి. ప్రభుత్వ బడి పైకప్పు, మార్కెట్ యార్డు షెడ్డు, బస్టాండు కప్పు ఇందుకు పనికొచ్చే చోట్లు. వాటిలో మొదటి వాటాలు ఆ వాడలోని అద్దెదారులకే ఇవ్వాలి.